నిన్ను గూర్చి నీవు వ్రాయుము: కళాశాల దరఖాస్తు వ్యాసములకు విషయాన్వేషణము
(వార్షిక మహాసభ విద్యావిభాగమున చేసిన ఉపన్యాసము)



ఈ మహాసభయందు విద్యావిషయమును గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదని కార్యనిర్వాహకులు మమ్మాజ్ఞాపించిరి. మాకంటె విద్యాధికులును, అనుభవజ్ఞులును ఈ సభను పెక్కుమంది యలంకరించియున్నారు. అయినను పెద్దల యాజ్ఞ శిరోధార్యము గావున సాహసించితిమి. మేము కొన్ని సంవత్సరములుగా మన సంఘపు విద్యార్థివేతన ఉపసంఘమున పనిచేయుచు, ఏటేట వచ్చు పిల్లల దరఖాస్తులను చదువుచున్నవారము. అట్లు చదువుటయందు మాకు కనబడిన కష్టమొకటి, మేము స్వయముగా చేసిన తప్పొకటి, అందుండి నేర్చుకొన్నది కొంత; ఈ మూడింటిని మీ యెదుట నుంచెదము. విషయము చూచుటకు చిన్నది. దేశాంతర కళాశాలలకు దరఖాస్తు పెట్టుకొను పిల్లవాడు తన్ను గూర్చి వ్రాయవలసిన వ్యాసమునకు విషయము నెక్కడ వెదకవలెను? అనునదియే ప్రశ్న.

ఇది కొలదిమంది ధనవంతుల బిడ్డలకు సంబంధించిన మాట యని యెవరును తలపవలదు. 2023-24 విద్యా సంవత్సరమున అమెరికా సంయుక్త రాష్ట్రములలో చదువుచుండిన భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. ఆ యేట విదేశ విద్యార్థులను పంపిన దేశములన్నిటిలో మన దేశమే ప్రథమ స్థానమున నిలిచినది. వారిలో సగమునకు మించినవారు పట్టభద్రులై పైచదువులకు పోయినవారు. ఇంటరు ముగించి నేరుగా బి.ఎ., బి.ఎస్. తరగతులలో చేరినవారు సుమారు 36,000 మంది. తెలుగు జిల్లాలనుండి పోవువారిలో మన యిండ్ల పిల్లలెందరో మీకే తెలియును. పైచదువునకు పోవువాడు తన ఉద్దేశమును తెలుపు పత్రమును వ్రాయవలెను. దానినే పిల్లలు ఎస్.ఓ.పీ. అందురు. ఇంటరు పిదప పోవువాడు తన జీవితమును గూర్చి వ్యాసము వ్రాయవలెను. మన దేశమునందు సైతము, 2014లో హర్యానాలోని సోనీపత్ వద్ద ప్రారంభమైన అశోకా విశ్వవిద్యాలయము వంటివి విద్యార్థుల నుండి వ్యాసములను కోరుచున్నవి. కావున ఈ ప్రశ్న మన గుమ్మము లోపలికే వచ్చినది.

మన పిల్లలు చదువులో వెనుకబడినవారు కారు. ఆరవ తరగతినుండియే ఐఐటీ పునాది యని, ఇంటరులో జేఈఈ యని, నీట్ యని, ఎంసెట్ యని, ఇప్పటి పేరున ఈఏపీసెట్ యని, రాత్రింబవళ్లు శ్రమించుచున్నారు. ఆ పరీక్షలన్నియు “నీకేమి తెలియును?” అని యడుగును. “నీవెవరు?” అని ఒక్కటియు నడుగదు. పన్నెండేండ్లు మొదటి ప్రశ్నకే యుత్తరము చెప్పుటకు అలవాటుపడిన పిల్లవానిని, ఒకనాడు హఠాత్తుగా రెండవ ప్రశ్న యడిగినచో, కలము నిలిచిపోవుటలో వింతయేమున్నది? “అయ్యా, నా జీవితములో వ్రాయదగినదేమియు లేదు, కళాశాల, వసతిగృహము, పరీక్షలు, ఇంతే” అని మాతో చెప్పిన పిల్లలు అనేకులు. దోషము పిల్లవానిది కాదు. వానిని ఆ ప్రశ్న అంతవరకు ఎవరును, మనమును, అడుగలేదు.

ముందుగా ఆ వ్యాసముల స్వరూపమును కొంచెము తెలిసికొందము. అమెరికాలో 1975లో పదునైదు కళాశాలలు చేరి యేర్పరచుకొన్న ‘కామన్ అప్లికేషన్’ అను ఉమ్మడి దరఖాస్తు ఇప్పుడు వేయికి మించిన కళాశాలలకు పనికివచ్చుచున్నది. అందు ప్రధాన వ్యాసము 250 మాటలకు తక్కువ గాకను, 650 మాటలకు మించకను ఉండవలెను. ఏడు ప్రశ్నలిత్తురు, ఒకదానికి వ్రాసిన చాలును. పుట్టి పెరిగిన పరిస్థితులు, ఎదుర్కొన్న అపజయము, ఒక నమ్మకమును ప్రశ్నించిన సందర్భము, ఊహింపని కృతజ్ఞత కలిగిన సమయము, మనస్సు పరిపక్వము నొందిన ఘట్టము, కాలము మరపించు నాసక్తి అనునవి యారు, ఏడవది స్వేచ్ఛావిషయము. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమువారు ఎనిమిది ప్రశ్నలిచ్చి నాలుగింటికి, ఒక్కొక్కటి 350 మాటలకు మించకుండ, ఉత్తరములు కోరుదురు. ఇంగ్లండు పద్ధతి వేరు. అచ్చట 2026 ప్రవేశములనుండి పూర్వపు ఏకవ్యాసమునకు బదులు మూడు ప్రశ్నలు వచ్చినవి: ఈ చదువేల కోరితివి? ఇంతవరకు చదివినది దీనికెట్లు తోడ్పడినది? బడి వెలుపల నీవేమి చేసితివి? మూడింటికిని కలిపి 4,000 అక్షరముల హద్దు. అమెరికావారు మనిషిని జూడగోరుదురు. ఇంగ్లండువారు చదువుపై గల శ్రద్ధను జూడగోరుదురు. ఈ భేదము నెరుగక ఒకే వ్యాసమును రెండు తావులకును పంపి నష్టపోయినవారు కలరు.

ఈ వ్యాసములకొక చరిత్రయు గలదు. దానిని సంఘముగా కూడిన మనము తప్పక తెలిసికొనవలెను. 1920 ప్రాంతమున హార్వర్డు విశ్వవిద్యాలయమున యూదుల పిల్లలు పరీక్షలలో నెగ్గి పెద్దసంఖ్యలో చేరసాగిరి. అది అప్పటి అధ్యక్షుడగు లోవెల్‌కు రుచింపలేదు. 1922లో దరఖాస్తునందు, పుట్టిన తరువాత నీ పేరుగాని నీ తండ్రి పేరుగాని మారినదా యని యడుగ నారంభించిరి. 1926 నాటికి మార్కులతోబాటు ‘శీలము’ను గూడ తూచు పద్ధతి స్థిరపడినది. అనగా “నీవెవరు?” అను ప్రశ్న యచ్చట మొదట తలుపు మూయుటకై పుట్టినది. కాలక్రమమున అదే ప్రశ్న తలుపు తెరచుటకును పనికివచ్చినది. 2023 జూన్ 29వ తేదీని అమెరికా సుప్రీము కోర్టువారు ప్రవేశములలో జాతిని లెక్కించు పద్ధతిని కొట్టివేయుచు, విద్యార్థి తన జాతి తన జీవితముపై చూపిన ప్రభావమును వ్యాసమున వ్రాసికొన్నచో, దానిని ఆ వ్యక్తి శీలమునకో సామర్థ్యమునకో సంబంధించిన యనుభవముగా చూచుటకు అభ్యంతరము లేదని చెప్పిరి. పుట్టుక కొలతబద్ద కాగూడదు. అనుభవము మాత్రము చెప్పుకొనవచ్చును. ఈ మాట మన వంటి సంఘములకును ఆలోచింపదగినది.

ఇక మా తప్పును చెప్పెదము. మా మేనల్లుడొకడు కొన్నేండ్ల క్రిందట ఇట్టి దరఖాస్తు పెట్టుకొనెను. వాడు వ్రాసి తెచ్చిన కాగితము మాకు మిక్కిలి పేలవముగ తోచినది. వీధిలో క్రికెట్టు ఆడునప్పుడు వాడు సరిగా ఆడలేడని తక్కినవారు వానిని అంపైరుగా నిలిపెడివారట. ఆ సంగతి వ్రాసినాడు. “ఇదియేమి విషయమురా! తాతగారు కట్టించిన చెరువు లేదా? మన వంశమువారు పెట్టిన అన్నసత్రము లేదా?” యని గద్దించి, ఆ కాగితమును ప్రక్కన బెట్టి, మేమే కూర్చుండి వంశగౌరవము, దేశసేవ, లోకకల్యాణము అన్నియు చేర్చి వ్యాసమును పూర్తిచేసితిమి. వాడు చదివి, కొంతసేపు మాటాడక, “మామయ్యా, చాలా బాగుంది. కాని ఇందులో నేనెక్కడా లేను” అనెను. మేము నవ్వి త్రోసిపుచ్చితిమి. ఆ యేడు వానికి ఎచ్చటను ప్రవేశము లభింపలేదు. దానికి వ్యాసమే కారణమో కాదో యెవరును చెప్పజాలరు. కాని ఆ తరువాత చాలనాళ్లు వాడు తాను వ్రాసినదేదియు మాకు చూపలేదు. అది మాత్రము మా చేతలఫలమే.

మరుసటి యేడు వాడు మమ్మడుగక తన పూర్వపు విషయమునే తీసికొని వ్రాసెను. ఇరువీధుల పందెములో తన సొంత అన్నను ఔటని చెప్పుట, అన్న వారము దినములు మాటాడకుండుట, తల్లి “ఇంటివాడికి కాస్త చూసీచూడనట్టు పోలేకపోయావా” యనుట, తాను ఆ ప్రశ్నకు ఉత్తరము చెప్పలేక న్యాయశాస్త్రమువైపు తిరుగుట; అంతే యందున్నది. వానికి ప్రవేశము వచ్చినది. వచ్చినదని గాదు మేము చెప్పుట. ప్రవేశము వచ్చిన పిదప వాడు ఆ కాగితమును తెచ్చి మాకు చూపినప్పుడు, పదునేడేండ్లు మా కన్నులయెదుట పెరిగిన ఆ పిల్లవానిని మేమప్పుడే మొదటిసారి చూచినట్లయినది. అన్నసత్రము తాతగారిది. అంపైరుతనము వానిది. వ్యాసమడిగినది వానిని గూర్చియే గదా!

మరియొక యుదాహరణము. ఒక పల్లెనుండి వచ్చిన బాలిక తనకు వ్రాయుటకేమియు లేదని మా యెదుట కన్నీరు పెట్టుకొన్నది. “అమ్మా, బడికి పోకముందు ఉదయమున నీవేమి చేయుదువు?” అని యడిగితిమి. పాలకేంద్రమున తండ్రికి బదులు లెక్కల పుస్తకము వ్రాయునట. పాలకు ధర వెన్నశాతమును బట్టి కట్టుదురు. ఒక ముసలమ్మ గేదె పాలకు మాత్రము ఎప్పుడును వెన్న తక్కువగా వచ్చుచుండెను. కేంద్రమువారు మోసము చేయుచున్నారని ఆమె తగవులాడుచుండెను. ఈ బాలిక యొకనాడు ఆమె యింటికి పోయి పాలుపితుకుట చూచెను. ముసలమ్మ మొదటి పాలు తాను పితికికొని, చివరి ధారలన్నియు దూడకు విడుచుచుండెను. మొదటి పాలను, చివరి పాలను వేరు వేరుగా పరీక్షించి చూడగా చివరి పాలలోనే వెన్న మిక్కిలి హెచ్చుగ నున్నది. శాస్త్రమును అదియే చెప్పును. పొదుగునుండి కడపట దిగు పాలు చిక్కనివి. బాలిక సంతోషముతో సంగతి చెప్పగా ముసలమ్మ కాసేపాలోచించి, “పోనీలేవే అమ్మా, దూడ నోటిదగ్గర తీసి నాకెందుకు” అని, మరునాటినుండి తగవు మాని, తక్కువ ధరకే పాలు పోయసాగెను. “ఇంతకంటె విషయమేమి కావలెనమ్మా?” యంటిమి. లెక్క నిజము చెప్పునుగాని, ఏమి చేయవలెనో లెక్క చెప్పదని ఆ పదియేడేండ్ల పిల్ల తనంతట తాను తెలిసికొన్నది. దానిని ఆమె వ్రాయదగినదని యెరుగదు. ఎవరైన అడిగిననే గాని అది బయటికి రాదు.

కావున విద్యార్థులారా, విషయము పుట్టించునది కాదు, త్రవ్వి తీయునది. త్రవ్వుటకు మాకు తెలిసిన కొన్ని మార్గములను మనవి చేయుచున్నాము.

ఒకటి: మొదట పదునైదు నిమిషములు కలమెత్తక తెలుగులోనే వ్రాయుడు. వ్యాకరణము చూడవలదు, కొట్టివేయవలదు. ఇంగ్లీషులో మొదలుపెట్టినచో కంఠస్థమైన వాక్యములే ముందుగా వచ్చును. ఇంటి భాషలో ఇంటి సంగతులు వచ్చును. ఇంగ్లీషు చేయుట రెండవ పని.

రెండు: చిన్న జ్ఞాపకములను పది వ్రాసికొనుడు. బహుమతులు, మార్కులు, పతకములు ఆ పట్టికలో చేర్చవలదు. వానికి దరఖాస్తులో వేరే గడులున్నవి. ఎవరును చెప్పకయే మీరు చేయు పనియేది? ఇంటిలో ఏ వస్తువు చెడినప్పుడు మిమ్ము పిలుతురు? మీ జేబులోను సంచిలోను నిత్యముండునదేది? ఎవరితో వాదించి ఓడితిరి? ఏ విషయమున మీ యభిప్రాయము మారినది?

మూడు: మీ యమ్మమ్మను, నాయనమ్మను, తమ్ముని, స్నేహితుని “నన్ను తలచుకొనగానే నీకేమి జ్ఞప్తికి వచ్చును?” అని యడుగుడు. మనకు మనము కనబడము, ఇతరులకు కనబడుదుము.

నాలుగు: దొరికిన పదింటిలో ఒక్కొక్కదానికి “అందుచేత నేనేమైతిని?” అను ప్రశ్న వేయుడు. ఉత్తరము లేనిది కథయే గాని వ్యాసము కాదు. ఉత్తరమే యుండి సంఘటన లేనిది ఉపదేశమే గాని వ్యాసము కాదు. రెండును గలదానిని పట్టుకొనుడు.

ఐదు: ఎన్నుకొన్న సంగతిని ఎవరికైనను నోటితో చెప్పుడు. వినువాడు ఎచ్చట “తరువాత?” అని యడుగునో అచ్చట ప్రాణమున్నది. ఎచ్చట తల పంకించి యూరకుండునో అచ్చట కోయవలెను. ఆరువందల యేబది మాటలు అతి స్వల్పము. జీవితచరిత్రకు చాలవు, ఒక ఉదయమునకు చాలును.

ఆరు: కాలము. ఆ యుమ్మడి దరఖాస్తు ప్రతియేట ఆగస్టు 1వ తేదీని తెరచుదురు. ముందస్తు దరఖాస్తులకు నవంబరు 1, సాధారణ దరఖాస్తులకు జనవరి 1 పెక్కు కళాశాలలు పెట్టు గడువులు. కాబట్టి వేసవి సెలవులలోనే త్రవ్వకము ప్రారంభింపవలెను. దసరా సెలవులలో మొదలుపెట్టినవాడు ఇతరుల వాక్యములను వెదకికొనును.

ఏమి విడువవలెనో గూడ చెప్పెదము. “చిన్నతనమునుండి నాకు” అని యారంభించు వ్యాసములను మేమెన్ని చదివితిమో లెక్కలేదు. పెద్దల సూక్తితో మొదలు పెట్టినచో మాటలు సూక్తికారునివి. కష్టము లేనివాడు కష్టమును కల్పింపవలదు. కష్టము పడినవాడు సిగ్గుపడి దాచవలదు. దానిని బేరమునకు పెట్టినట్లును వ్రాయవలదు. తండ్రి చనిపోయిన సంగతి వ్రాయుటకు ఇష్టము లేని పిల్లవానిని “అది బాగా పనిచేయును” అని బలవంతపెట్టినవారిని మేమెరుగుదుము. అది మహాపాపము. బిడ్డ దుఃఖము బిడ్డ సొత్తు.

ఇప్పుడు తల్లిదండ్రులకు ఒక మాట. ఊరూర కన్సల్టెన్సీలు వెలసినవి. వారిలో నిజాయితీగా దారి చూపువారును గలరు. సొమ్ము తీసికొని, పేరు మాత్రము మార్చి, ఒకే వ్యాసమును పదిమందికి అమ్మువారును గలరు. 2022 నవంబరునుండి యంత్రమే వ్యాసము వ్రాసియిచ్చు కాలము వచ్చినది. విషయమును తరచుటకు యంత్రము చేత ప్రశ్నలు వేయించుకొనవచ్చును గాక. యంత్రము వ్రాసినదానిని తనదని పంపుట వంచనయేనని ఉమ్మడి దరఖాస్తువారు తమ నిబంధనలలో స్పష్టపరచిరి. దొరికిపోవుదుమా యనునది చిన్న ప్రశ్న. పదునేడేండ్ల బిడ్డతో “నీవు చాలవు, నీకు బదులు మరియొకరు కావలెను” అని మనము చెప్పుచున్నామా యనునదే పెద్ద ప్రశ్న. మేము మా మేనల్లునితో చెప్పినది సరిగా నదియే.

కడపట మన సంఘమును గూర్చి. పోషకులు క్షమింపవలెను, ఉన్నమాట చెప్పవలసియున్నది. మన విద్యార్థివేతన దరఖాస్తునందు “సంఘము చేయుచున్న సేవను గూర్చి వ్రాయుము” అని యున్నది. పిల్లలేమి వ్రాయుదురు? దాతలను కల్పవృక్షములనియు, కామధేనువులనియు వర్ణింతురు. ఆ స్తోత్రములను చదివి మేము మార్కులు వేయుదుము. పదునారేండ్ల ప్రాయమున ధనవంతుని మెప్పించు వాక్యములను కూర్చుట నేర్పినది మనమే. పదునెనిమిదవ యేట తన్ను గూర్చి తాను నిజము వ్రాయుమన్న ఎట్లు వ్రాయగలడు? దాతలు ధనమిచ్చినది స్తోత్రములకు గాదని మేమెరుగుదుము. అందుచేత మూడు మనవులు చేయుచున్నాము.

మొదటిది: ఆ ప్రశ్నను తీసివేసి, దానికి మారుగా “నీవు శ్రద్ధతో చూచిన ఒక సంగతిని గూర్చి వ్రాయుము” అని యుంచవలెను. తెలుగులో వ్రాసినను ఇంగ్లీషులో వ్రాసినను సమానముగా చూడవలెను.

రెండవది: మన వసతిగృహములలో వేసవియందు వారమున కొకసారి ముచ్చట సమావేశములు జరుపవలెను. చదువుకొన్న పెద్దలు వచ్చి కూర్చుండి పిల్లలను ప్రశ్నలడుగవలెను, వినవలెను. పట్టణమున లక్షలు పోసి సలహాదారుని పెట్టుకొనలేని పల్లెపిల్లకు ఇది యొక్కటే దారి. విదేశములందున్న మనవారు ధనము పంపుటతోబాటు వారమున కొక గంట వినుటకిచ్చినచో అది మరియు గొప్ప దానము.

మూడవది: అట్లు సాయపడు పెద్దలు ఒక నియమమును పాటింపవలెను. అడుగుదురు గాని వ్రాయరు. తప్పు చూపుదురు గాని వాక్యము నందీయరు. ఈ నియమమును మొట్టమొదట మేమే స్వీకరించుచున్నాము. దీని యవసరము మాకంటె నెవరికిని ఎక్కువ లేదు.

పూర్వులు చెరువులు త్రవ్వించిరి, సత్రములు కట్టించిరి. మనమా కీర్తిని చెప్పుకొనుచున్నాము, చెప్పుకొనుట తగును. కాని మన బిడ్డ తన దరఖాస్తును తెరచి కూర్చున్న రాత్రి, ఆ కీర్తి వానికి ఒక్క వాక్యమునైన ఈయజాలదు. ఆ రాత్రి వానికి కావలసినది, “నీవు చూచినది చెప్పు, మేము వినెదము” అను పెద్దవాడొక్కడు. అట్టి పెద్దలు ఈ సభయందు వందలకొలది యున్నారని మా విశ్వాసము.

మా మనవులను తీర్మానరూపమున పరిశీలింప అధ్యక్షులవారిని ప్రార్థించుచున్నాము.